మొదటి బిందె నీళ్ళు

మస్తానయ్య మేస్త్రీకి ఒక నియమం ఉండేది. ప్రతి విడతలో అచ్చులోంచి వచ్చిన మొదటి ప్లాస్టిక్ బిందెను ఆయన అమ్మేవాడు కాదు. దాన్ని కడిగి, నిండా నీళ్ళు పోసి, మూత పెట్టి షెడ్డు ముందు ఎండలో ఉంచేవాడు. పొద్దు వాలాక అందులో చెంబు ముంచి ఆ నీళ్ళు తనే తాగేవాడు. తాగి, కాసేపు కూర్చుని "ఊఁ" అన్నాకే మిగతా బిందెలు గేటు దాటాలి. నరసరావుపేట అవతల మిర్చి కల్లాల పక్కన, పాత ప్లాస్టిక్ కరిగించి బిందెలు పోసే రేకుల షెడ్డు అది. పాత డబ్బాలను నలగ్గొట్టే వాళ్ళ గ్రైండరు బ్లేళ్ళకు సాన పట్టేది నేనే. అందుకని ఈ తంతు ఎన్నిసార్లు చూశానో చెప్పలేను.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఈ రుచి చూడటమేంటని.

"మీ ఇంట్లో ఉప్పు చూడకుండానే కూర వడ్డిస్తారా?" అన్నాడు.

"మా ఆవిడ ఉప్పు నా మీదే చూస్తుంది మేస్త్రీ!"

ఆయన నవ్వాడు. "నేను ఆ పని చెయ్యను," అన్నాడు.

ఆయన దగ్గర చెంచయ్య అని ఒక శిష్యుడు. ముప్పై దాటినవాడు. పత్తికి మందు కొట్టీ కొట్టీ, ఒకసారి ఆ మందు తలకెక్కి మూడు రోజులు ఆసుపత్రిలో పడుండి, ఇక సేద్యం వద్దని ఇటొచ్చాడు. పాల క్యాన్లు, నూనె డబ్బాలు నీళ్ళ బిందెలకు. పురుగుమందు డబ్బాలు వేరే గోతంలోకి, కరెంటు పైపులకు. రోజంతా ఇలా ఏరుతూ కూర్చోవడం వాడికి విసుగు. ఒకనాడు అడిగేశాడు.

"పాతది పారెయ్యకుండా మళ్ళీ వాడటం పుణ్యమని మీరే అంటారు. మరి డబ్బాల్లో ఈ పంక్తిభేదం ఏంటి మేస్త్రీ గారూ? అంత సెగలో కరిగాక దానికి పాత సంగతులు ఏం గుర్తుంటాయి?"

మేస్త్రీ వాడి వైపు ఒకసారి చూసి, "నేను నీళ్ళు తాగేటప్పుడు అడుగు," అన్నాడు.

తరవాత నాలుగు రోజులకు మంచి సరుకు అర గోతం తగ్గింది. చెంచయ్య పురుగుమందు డబ్బాలు కొన్ని తీసి, సబ్బునీళ్ళతో మూడుసార్లు కడిగి, వాసన చూసుకుని, ఏమీ లేదనుకుని గ్రైండరులో వేసేశాడు. మేస్త్రీకి చెప్పలేదు. తెల్లారి బిందెలు తళతళలాడుతూ వచ్చాయి. మొదటిది ఎప్పట్లాగే ఎండలోకి వెళ్ళింది.

ఆరోజు మేస్త్రీ టిఫినుకని ఇంటికెళ్ళి, అటునుంచటే పాత డబ్బాలు కొనడానికి పోయాడు. ఆయన లేనప్పుడు బిందెలమ్మే గంగులు బండేసుకుని దిగాడు. "గొల్లమెట్టలో బోర్లు ఎండిపోయాయి చెంచయ్యా! నాలుగింటికి ట్యాంకరొస్తుంది. పట్టుకోను బిందెల్లేక ఆడాళ్ళు నన్ను పీక్కుతింటున్నారు. సాయంత్రం దాకా ఆగమంటే ఎట్టా?" అని బతిమాలాడు. చెంచయ్య గేటు తీశాడు. నలభై బిందెలు వెళ్ళిపోయాయి.

మిట్టమధ్యాహ్నం వాడికి ఏం తోచిందో, వెళ్ళి ఆ మొదటి బిందె మూత తీశాడు. వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. నేను అక్కడే బ్లేడు బిగిస్తున్నాను. వాడు గబుక్కున మూత పెట్టి, నీళ్ళ తొట్టి దగ్గరికెళ్ళి ముఖం రుద్ది రుద్ది కడుక్కున్నాడు. "ఎండదెబ్బా?" అంటే మళ్ళీ కడుక్కున్నాడు. అది వాడికి తెలిసిన వాసన. మూడు రోజులు ఆసుపత్రి మంచం మీద వాడి ముక్కులోంచి పోని వాసన.

అప్పటినుంచి వాడు పని చెయ్యలేదు. బిందె వైపు చూడటం, రోడ్డు వైపు చూడటం. ట్యాంకరొచ్చే నాలుగు కొట్టినప్పుడు గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి గోడ పక్కన కూర్చున్నాడు. చెబితే పని పోతుంది. చెప్పకపోతే?

పొద్దు వాలింది. మేస్త్రీ వచ్చి, తాపీగా కాళ్ళు కడుక్కుని, బిందెలో చెంబు ముంచాడు. పెదవుల దాకా ఎత్తాడు.

"తాగమాకండి!"

మిర్చి కల్లాల్లో కూలీలు కూడా తలలు తిప్పి చూశారు. అంత అరుపు.

మేస్త్రీ చెంబు దించలేదు. "ఎందుకురా? కరిగాక పాత సంగతులు గుర్తుండవన్నావుగా."

"వాసన... మందు వాసన, మేస్త్రీ గారూ. నేనే కలిపాను."

"నాకేం రావట్లేదే," అన్నాడాయన. "ముప్పై ఏళ్ళు ఈ పొగలో ఉన్న ముక్కురా ఇది. ఎప్పుడో చచ్చింది. అందుకేగా తాగేది." చెంబులో నీళ్ళు ఒలికించేసి షెడ్డు లోపలికి చూశాడు. బిందెల వరస సగం ఖాళీ. "మిగతావి ఏవి?"

చెంచయ్య చెప్పాడు. ఏడుస్తూనే చెప్పాడు. గొల్లమెట్ట, నలభై, ట్యాంకరు. అప్పటికి అయిదున్నర దాటింది. గంగులుకు ఫోను చేస్తే మోగుతోందే గానీ ఎత్తడం లేదు. నేనూ నా ఫోన్లోంచి చేశాను, అదే మోత.

మేస్త్రీ వాణ్ణి తిట్టలేదు. మోపెడ్ స్టాండు తీసి, వెనక ఎక్కమన్నట్టు సీటు మీద చెయ్యి వేశాడు.

"నా ఒక్క చెంబు కోసం ఎంత గట్టిగా అరిచావురా," అన్నాడు. "గొల్లమెట్ట దాకా వినపడి ఉంటుందంటావా?"