రోహిణి పోయేదాకా

పంచాంగం చూడందే కొత్త చెప్పులు కూడా తొడుక్కోని సన్యాసినాయుడు అనే పెద్దమనిషి కొండవలసలో ఉండేవాడు. బస్సెక్కాలన్నా వర్జ్యం చూసుకునేవాడు. "ఆ సంగతి బస్సుకి తెలీదు కదా నాన్నా," అని కూతురు హైమ ఏడిపించేది.

ఆ హైమే తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది. ఎనిమిదో నెలలో ఓరోజు పొద్దున్నే ఉమ్మనీరు పోయింది. నొప్పులు మాత్రం రాలేదు. నాయుడు ముందు గడియారం చూశాడు, తర్వాత పంచాంగం తీశాడు. రోహిణి నక్షత్రం. రోహిణిలో బిడ్డ పుడితే మేనమామకి గండమని నమ్మకం. నాయుడికున్నది ఒక్కడే కొడుకు.

"ఇప్పుడెళ్తే నొప్పులకి సూదేసేస్తారు. రేపు పొద్దున రోహిణి పోతుంది, అప్పుడెళ్దాం," అన్నాడు.

ఆశా కార్యకర్త చిన్నమ్మలు సంగతి తెలిసి పరుగున వచ్చింది. "ఆగకూడదు మావయ్యా. నీటిసంచి చిరిగితే బిడ్డకున్న అడ్డు పోయినట్టే. క్రిములు లోపలికెళ్తాయి. పైగా నెలలు నిండని బిడ్డ."

"నీకు సూదులు తెలుసు, నాకు చుక్కలు తెలుసు. వెళ్లిరా."

సాయంత్రానికి హైమ ఒళ్లు కాలింది. "వెళ్దాం నాన్నా," అంది. నాయుడు జ్వరం బిళ్ల ఇచ్చి, "ఒక్క పూట ఓర్చుకో తల్లీ," అన్నాడు.

మర్నాడు రోహిణి పోయాకే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. "నీళ్లెప్పుడు పోయాయి?" అని డాక్టరమ్మ అడిగింది. దేనికైనా నిమిషాలతో సహా టైము చెప్పే మనిషి నేల చూశాడు.

"ఇప్పుడేనండీ, దారిలో."

హైమ తండ్రి మొహం చూసి తల తిప్పుకుంది.

మధ్యాహ్నం మృగశిరలో ఆడపిల్ల పుట్టింది. నాయుడు హమ్మయ్య అనుకున్నాడు. పొద్దు వాలేసరికి పిల్ల పాలు తాగడం మానేసింది. ఏడవడం మానేసింది. ఊపిరి ఎగబీలుస్తోంది.

"పెద్దాయనా, నిజం చెప్పండి," అంది డాక్టరమ్మ.

"నిన్న పొద్దున ఆరూ పది. సాయంత్రానికి జ్వరం కూడా వచ్చింది."

"ఈ మాట అప్పుడే చెప్పుంటే, పుట్టగానే మందు మొదలెట్టేదాన్ని."

పద్నాలుగు రోజులు ఆ పిల్ల అద్దాలపెట్టెలో ఉంది. పిడికెడంత చేతికి సూది, ముక్కులో గొట్టం. నాయుడు వరండాలో కూర్చుని దాని గుండెల కదలికే చూశాడు. పంచాంగం ఇంట్లోనే ఉండిపోయింది. పిల్ల చావు దాకా వెళ్లొచ్చింది.

బారసాల నాడు పంతులుగారు, "పుట్టిన టైము చెప్పు నాయుడూ, జాతకం రాస్తాను," అన్నారు.

"వద్దండీ. ఆ టైము నేను పెట్టింది. దానిది కాదు."

నీతి: ఉమ్మనీరు పోయిన క్షణమే ఆసుపత్రికి బయల్దేరే ముహూర్తం, ఆ టైము డాక్టరు దగ్గర దాస్తే దెబ్బ తగిలేది పసిబిడ్డకే.