గంగవాయిలి కూర నేలమీద ఎందుకు పాకుతుంది

ఒకప్పుడు గంగవాయిలి నేలమీద పాకే మొక్క కాదు. మనిషి నడుమెత్తున నిటారుగా నిలబడేది. ఊరికి దూరంగా, రాళ్లగుట్ట మీద ఒంటరిగా ఉండేది.

ఆ కాలంలో వంటంటే ఒకటే తీరు. ఏ పప్పులో ఏ కూర వేయాలో, ఉప్పెంతో, చింతపండెంతో పెద్దలు చెప్పిందే. చిటికెడు అటూ ఇటూ అయితే అన్నం అలుగుతుందని అందరికీ భయం. పెద్దలు చెప్పిన కూరల్లో గంగవాయిలి పేరు లేదు. అందుకే దాన్ని ఎవరూ తెంపలేదు. మేకలు కూడా గుట్ట కిందే మేసి వెళ్లిపోయేవి.

ఊరి చివరింట్లో నీలవ్వ ఉండేది. ఆ ఇంటినిండా మనుషులుండేవాళ్లు. ఒక ఏడాది జ్వరాలొచ్చి అందరినీ తీసుకుపోయాయి. నీలవ్వ ఒక్కతే మిగిలింది.

అత్త దగ్గర నేర్చుకున్న కొలతలన్నీ నిండింటి కొలతలు. అలాగే వండితే కుండలో పప్పు మిగిలిపోయేది. ఆ మిగిలిన పప్పును చూస్తే నీలవ్వకు ముద్ద దిగేది కాదు. కొంచెమే వండితే రుచి కుదిరేది కాదు.

ఆ ఎండాకాలం ఇంట్లో చింతపండు అయిపోయింది. పప్పు పొయ్యి మీద ఉడుకుతోంది. అందులోకి ఏదో ఒకటి దొరకకపోతుందా అని నీలవ్వ వెతుక్కుంటూ గుట్టెక్కింది.

అక్కడ ఎండలో ఒక్క మొక్క పచ్చగా కనబడింది. నీలవ్వ దాని దగ్గర ఆగింది.

"నన్నెవరూ తెంపరవ్వా," అంది గంగవాయిలి. "మీ వంటల నా పేరు లేదు."

"నా ఇంట్ల గిట్లెందుకు వండినవని అడిగేటోళ్లే లేరు," అంది నీలవ్వ. "నువ్వు రా."

ఒక ఆకు నమిలి చూసింది. కాస్త పులుపు తగిలింది. చింతపండు లేని లోటు ఇదే తీరుస్తుందనుకుని ఒడినిండా తెంపుకుంది. ఇంటికొచ్చి సగం ఉడికిన పప్పులో వేసింది. రెండు ఎల్లిపాయలు దంచి వేసింది. ఉప్పు చేత్తోనే పడేసింది. తిని చూస్తే బాగుంది. చాలాకాలానికి కుండ ఖాళీ అయింది.

మర్నాడు గుట్టెక్కి ఆ సంగతంతా గంగవాయిలికి చెప్పింది.

ఇక రోజూ అదే పని. ఒకనాడు అందులో నువ్వులు నూరి వేసేది. ఒకనాడు ఎండిన జొన్నరొట్టె తుంచి వేసేది. ఏమీ లేనినాడు కారం చల్లి వేయించేది. ఎట్లా కుదిరిందో మర్నాడు గుట్ట మీద చెప్పుకునేది. ఉప్పెక్కువైందని చెప్తే మొక్క నవ్వేది. మాడిపోయిందని చెప్తే పోనీలే, రేపు మళ్లీ తెంపుకొమ్మనేది.

ఒకరోజు నీలవ్వ గిన్నెడు కూర పక్కింటి కొమురవ్వకు ఇచ్చింది. పేరులేని కూర తాము తినమని కొమురవ్వ గిన్నెను మూత తీయకుండానే తిరిగిచ్చింది. ఆ తర్వాత నీలవ్వ ఎవరికీ ఇవ్వలేదు.

ఏళ్లు గడిచాయి. నీలవ్వ మోకాళ్లు పట్టేశాయి. గుట్టెక్కలేకపోయింది.

గంగవాయిలి ఎదురుచూసింది. ఆమె పొయ్యి మీద ఏముందని గాలిని అడిగింది. జొన్నగటక ఒక్కటే కాచుకుంటోందని, అది కూడా సగం తాగి పక్కన పెడుతోందని గాలి చెప్పింది.

"నేనే పోత," అంది గంగవాయిలి.

"నిలబడ్డది నడవలేదు," అంది గుట్టరాయి. "పోవాలంటే నువ్వు పండుకోవాలె. మళ్ల లేవలేవు."

గంగవాయిలి పండుకుంది. నేలకు ఒళ్లు ఆనించి పాకడం మొదలుపెట్టింది. దారిలో నీళ్లు దొరకవని ఆకుల నిండా నీళ్లు నింపుకుంది. ఆకులు బొద్దుగా ఉబ్బాయి. ఎర్రమట్టి ఒరుసుకుని కాడలు ఎర్రబడ్డాయి. బండి చక్రాలు తొక్కి ముక్కలు చేస్తే, ముక్కముక్కా వేరు పోసుకుని ముందుకే పాకింది.

నీలవ్వ వాకిలి చేరేసరికి తలుపు మూసి ఉంది. తలుపు సందులోంచి చూస్తే పొయ్యిలో బూడిద చల్లారి ఉంది.

పక్కింటి కొమురవ్వ బయటికొచ్చింది. మొక్కను చూసి అక్కడే కూలబడింది. నీలవ్వ పోయి కొన్నాళ్లయిందని చెప్పింది.

"ఆఖరికి ఒక్కటే అడిగింది," అంది కొమురవ్వ. "గుట్ట మీదినుంచి ఎవరన్న వచ్చిండ్రా అని. ఎవరొస్తరక్కా అన్న నేను."

గంగవాయిలి వెనక్కి పోవడానికి లేవలేదు. వాకిట్లోనే ఉండిపోయింది.

కొమురవ్వ ఇల్లు కూడా ఈమధ్యే ఖాళీ అయింది. వలస పోయిన పిల్లలు రాలేదు. కాసేపటికి ఆమె మెల్లగా నాలుగు చివుళ్లు తెంపింది. ఉప్పెంత వేయాలి, పప్పెంత వేయాలి, ఎట్లా వండాలి అని అడిగింది.

"నాకు తెల్వదు," అంది గంగవాయిలి. "ఆమె ఎన్నడూ ఒక్కతీరు వండలే."

కొమురవ్వ చేతికి తోచినంత వేసి వండింది. నీలవ్వ గడప మీద కూర్చుని ఒక్కతే తిన్నది. ఉప్పు కాస్త తక్కువైంది.

అప్పటినుంచే గంగవాయిలి ఎవరూ విత్తకపోయినా వాకిళ్ల పక్కన, పెరళ్లలో నేలకు అంటుకుని పాకుతుంది. ఆకులు బొద్దుగా, కాడలు ఎర్రగా ఉంటాయి. తుంచి పారేసిన చోటే వేరు పోసుకుంటుంది. దాన్ని ఏ రెండిళ్లలోనూ ఒక్కతీరుగా వండరు. పొద్దెక్కగానే చిన్న పసుపు పువ్వు విప్పుకుని, లోపల పొయ్యి వెలిగిందేమోనని చూస్తుంది. మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుంటుంది.