మెలికొమ్ముడు తిన్న తియ్యకాయలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర కనిపించేది. అక్కడ ఒక కృష్ణజింకల మంద ఉండేది. మందకు పెద్ద మెలికొమ్ముడు. మెలికలు తిరిగిన కొమ్ములు, నల్లని వీపు, తెల్లని పొట్ట. ఎంత చూసినా ఇంకా చూడాలనిపించేది.

అన్నీ మంచి గుణాలే గానీ, అతనికి తీపంటే పిచ్చి.

గడ్డి అయిపోయిన చోట ఒక వాగు ఉంది. వాగు అవతల సర్కారు తుమ్మ చెట్లు. ఎండాకాలం వాటి కింద పసుపుపచ్చని పండు కాయలు రాలేవి. బెల్లంలా తియ్యగా ఉండేవి. మెలికొమ్ముడు రోజూ వాగు దాటి వెళ్లి, కడుపు నిండా తిని వచ్చేవాడు.

గడ్డిలో కాపురముండే ముసలి కౌజుపిట్ట ఒకరోజు అడిగింది.

"నాయనా, ఆ కాయల్లో గింజల్ని నములుతున్నావా, మింగుతున్నావా?"

"అవి రాళ్లలా ఉంటాయత్తా! ఎవరు నములుతారు? మింగేస్తాను."

"మరి అవి ఎక్కడికి పోతాయి?"

మెలికొమ్ముడు నవ్వాడు. "అదేం ప్రశ్నత్తా! పెంటికల్లో పోతాయి."

"పోవు, మొలుస్తాయి. వాగు అవతలి చెట్లను నువ్వే ఇవతలికి మోసుకొస్తున్నావు. ఆ కాయలు మానెయ్యి నాయనా."

"సరేలే" అన్నాడు. మర్నాడు మళ్లీ వాగు దాటాడు.

మొదటి వానకు అతను పెంటికలు వేసే చోట పది మొక్కలు మొలిచాయి. "పది మొక్కలకే ఏమవుతుంది?" అనుకున్నాడు. రెండో ఏడు అవి మోకాలెత్తు పెరిగాయి. "నీడైనా ఉంటుంది" అనుకున్నాడు. మూడో ఏటికి అక్కడంతా ముళ్లకంప అల్లుకుంది. దాని కింద గడ్డి చచ్చిపోయింది.

ఒక పొద్దున మెలికొమ్ముడి చెల్లెలు చుక్కమ్మ తన కూనతో ఆ కంప పక్కన మేస్తోంది. కంపలోంచి తోడేలు దూకింది! కూన వెనక కాలు పట్టుకుంది. మెలికొమ్ముడు కొమ్ములు వంచి ఒక్క ఉరుకున వచ్చి పొడిచాడు. తోడేలు కూనను వదిలి పారిపోయింది. కూన బతికింది గానీ కాలు చీరుకుపోయింది.

చుక్కమ్మ కూన గాయాన్ని నాకుతూ అంది, "ఇదివరకు తోడేలు ఎక్కడ బయల్దేరినా కనిపించేది, పరుగెత్తేవాళ్లం. ఈ పాడు కంప మన గడ్డిలోకి ఎలా వచ్చిందన్నా?"

గాలి తెచ్చిందని చెబితే ఆమె నమ్మేదే. కౌజుపిట్ట అక్కడే ఉంది గానీ నోరు విప్పలేదు. మెలికొమ్ముడు కూన కాలు వంక చూశాడు. నెత్తురు ఇంకా ఆగలేదు.

"నేనే తెచ్చాను చెల్లీ" అన్నాడు. "అత్త వద్దని చెప్పింది. నేను వినలేదు."

చుక్కమ్మ కూనను తీసుకుని మందకు అవతలి చివరికి వెళ్లిపోయింది. చాలా రోజులు అతని దగ్గరికి రాలేదు.

ఆ రోజుతో మెలికొమ్ముడు వాగు దాటడం మానేశాడు. కొమ్ములతో కంపను విరగ్గొట్టాడు. ఒక్కో మోడుకు నాలుగేసి కొమ్మలు వచ్చాయి. మందంతా కలిసి చిగుళ్లు కొరికింది. మూతుల నిండా ముళ్లు గుచ్చుకున్నాయి. చివరికి అతను అడవిపంది దగ్గరికి వెళ్లాడు.

"మామా, ఆ కంప పోయే దారి చెప్పు."

"పైపైన విరిస్తే పోతుందా అల్లుడూ? వేరు తియ్యాలి. వాన పడి నేల మెత్తబడితే నేను తవ్వుతాను. కానీ తవ్వేటప్పుడు నా మూతి మట్టిలో ఉంటుంది. తోడేలు వచ్చినా కనపడదు. నువ్వు కాపలా ఉంటావా?"

"ఉంటాను మామా."

వాన వచ్చింది. పంది తవ్వింది. మెలికొమ్ముడు తడుస్తూ చుట్టూ చూస్తూ నిలబడ్డాడు. మంద మేస్తున్నా అతను కదల్లేదు. పక్కటెముకలు తేలాయి. మరుసటి వానకు మిగిలిన వేళ్లలోంచి మళ్లీ మొలకలొచ్చాయి. మళ్లీ తవ్వారు. ఆ పై ఏడూ తవ్వారు. ఒక మూల మాత్రం వేళ్లు బండల్లోకి దిగిపోయాయి. అది పోలేదు. దాని మీద అందరూ ఒక కన్నేసి ఉంచేవారు.

తవ్విన చోట ముందు బోదగడ్డి వచ్చింది. తర్వాత దర్భ వచ్చింది.

ఒక మధ్యాహ్నం చుక్కమ్మ, ఎదిగినా ఇంకా కుంటుతున్న కూనను వెంటబెట్టుకుని ఆ కొత్త గడ్డిలోకి నడిచింది. చుట్టూ చూసింది. అంతా బయలే. మెలికొమ్ముడి దగ్గరికి వచ్చి, "అన్నా, కాసేపు దీన్ని చూస్తూ ఉండు" అంది.

తోడేలు దూకిన రోజు తర్వాత మొదటిసారి, ఆమె పడుకుని నిశ్చింతగా కళ్లు మూసుకుంది.

నీతి: చేసిన తప్పును ముందు ఒప్పుకోవాలి. ఆ తర్వాత దాన్ని వేరుదాకా దిద్దుకోవాలి.