"నాది" తర్వాత చుక్క

సోమిదేవమ్మగారిని ఏదైనా అడిగితే జవాబు నేరుగా వచ్చేది కాదు. పార్వతీపురంలో ముప్పై ఏళ్ళు తెలుగు పంతులమ్మగా చేసి, రిటైరయ్యాక కూడా ఇంటి వసారాలో పాఠాలు చెప్పే ఆవిడ, ప్రశ్న వినగానే కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టేవారు. ఎంతసేపు తుడిస్తే ప్రశ్న అంత గట్టిదని శిష్యుల అంచనా. ఆ రోజు అప్పలనరసమ్మ అడిగినదానికి అద్దాలు అరిగిపోయేలా తుడిచారు.

"సుక్కెక్కడ ఎట్టాలో, కామా ఎక్కడ ఎట్టాలో ఎలా తెలుస్తాదమ్మా?"

నరసమ్మ ఆసుపత్రిలో ఆయా. నలభై దాటాక అక్షరాలు దిద్ది, ఇప్పుడు పేజీలకు పేజీలు రాసేస్తుంది. కానీ విరామ చిహ్నాలంటే హడలు. మొదట్లో పోపులో ఆవాలు వేసినట్టు మాటకో కామా వేస్తే తోటివాళ్ళు పకపకా నవ్వారు. అప్పటినుంచి ఒక్కటీ పెట్టదు. రాసింది తెచ్చి గురువుగారి ఒళ్ళో పడేస్తుంది, ఆవిడే పెడతారు.

ఈసారి తెచ్చింది ఉత్తరం. ఏడేళ్ళుగా మాటల్లేని అప్పకు, అంటే తోడబుట్టిన అక్కకు. తల్లి మంచం పట్టినప్పుడు "ఇంకా పరవాలేదులే" అనుకుంటూ నరసమ్మ కబురు పెట్టడం ఆలస్యం చేసింది. అక్క వచ్చేసరికి అంతా అయిపోయింది. "అమ్మ ఆఖరి చూపు లేకుండా చేశావు" అని వెళ్ళిన మనిషి మళ్ళీ గడప తొక్కలేదు.

"మీరే ఎట్టీండమ్మా. నానెడితే తప్పైపోద్ది."

గురువుగారు ఉత్తరం అందుకుని నడుమ ఉన్న ఒక వాక్యం మీద వేలు పెట్టారు. *తప్పు నాది కాదు నీది అని ఎన్నడూ అనుకోలేదు.*

"ఎలా చదవమంటావు? తప్పు నాది కాదు." అక్కడ ఆగి, తీరిగ్గా ఊపిరి పీల్చుకుని, "నీది అని ఎన్నడూ అనుకోలేదు" అన్నారు.

నరసమ్మ అడ్డుపడింది. "అయ్యో, అలాక్కాదమ్మా! తప్పు నాది కాదని నానంటానా? అప్ప ఉత్తరం సింపేస్తాది!"

"పోనీ, ఇలాగా? తప్పు నాది కాదు, నీది అని ఎన్నడూ అనుకోలేదు."

నరసమ్మ తలూపబోయి ఆగిపోయింది. ఇందులో అబద్ధం లేదు. అక్కను నిందించలేదన్నంతవరకే ఉంది. తప్పెవరిదో చెప్పకుండా వాక్యం చల్లగా జారుకుంది. ఇన్నేళ్ళూ తనూ అలాగే జారుకుంటూ వచ్చింది. ఆ సంగతి తట్టగానే ఆమెకు సిగ్గేసింది.

గురువుగారు కలం ఆమె చేతికిచ్చారు. "మీ అక్క చదివేటప్పుడు పక్కన నేనుండను. నువ్వూ ఉండవు."

నరసమ్మ కలం పట్టుకుని ఆ వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి "నాది" తర్వాత చుక్క పెట్టింది. అదిమి పెట్టడంతో అది కందిగింజంత అయి కూర్చుంది. "కాదు" తర్వాత కామా పెట్టి, పైకి చదివింది.

"తప్పు నాది. కాదు, నీది అని ఎన్నడూ అనుకోలేదు."

చుక్క దగ్గర నిజంగానే ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత మిగతా ఉత్తరమంతా తనలో తను చదువుకుంటూ, ఆగినచోటల్లా తనే గుర్తులు పెట్టుకుంటూ పోయింది. అంతా అయ్యాక పాత భయం మళ్ళీ తలెత్తింది.

"ఓపాలి సూసి దిద్దండమ్మా."

సోమిదేవమ్మగారు కాగితం చూడనైనా చూడకుండా మడిచి ఆమె గుప్పిట్లో పెట్టారు.

"ఆ చుక్క పెట్టడానికి నీకు ఏడేళ్ళు పట్టింది. దిద్దడానికి నేనెంతదాన్నే?"