రాజుగారి ముఖవర్చస్సు

కొండల నడుమ కుందవరమని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని విజయకేతుడనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే, ప్రజలను పీడించి ఎరుగడు. కాకపోతే తన అందం మీద ఆయనకు మహా గురి. నలభై దాటి కొన్నేళ్ళయినా తానింకా పెళ్ళికొడుకులాగే ఉన్నానని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిలించే ధైర్యం కొలువులో ఎవరికీ లేకపోయింది.

ఆ కొలువులోనే పోలన అనే విదూషకుడు ఉండేవాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. జీతం కోసం చేరినా, ఏళ్ళు గడిచేకొద్దీ రాజంటే అతనికి ప్రాణమైపోయింది.

ఇలా ఉండగా రాజుగారి అమ్మాయికి సంబంధం కుదిరింది. నిశ్చయతాంబూలాలకు మగపెళ్ళివారు వచ్చారు. వారిలో వరుడి అమ్మమ్మ ఒకావిడ రాజును ఎగాదిగా చూసి, పక్కనున్న రాణి మైలాంబతో ఆప్యాయంగా అంది.

"పెళ్ళికూతురి తాతగారు కాబోలు, ఈ వయసులో కూడా నిటారుగా ఉన్నారమ్మా."

రాణి గబగబా తాంబూలం పళ్ళెం ఆవిడ చేతికందించింది.

మగపెళ్ళివారు వెళ్ళగానే రాజు అద్దం తెప్పించుకున్నాడు. నుదుటి మీద చర్మం బిరుసెక్కి పొలుసులు రేగింది. బుగ్గల మీద నల్లమచ్చలు దిగాయి. కళ్ళ కింద నలుపు చేరింది. ఆయన వెంటనే ఆస్థాన వైద్యుడు భైరవభట్టును పిలిపించాడు.

"భట్టుగారూ, మా ముఖం ఇలా అయ్యేదాకా మీరేం చేస్తున్నారు?"

"ప్రభూ, ఎండలో వేటలు తగ్గించమనీ, వేళకు నిద్రపొమ్మనీ మనవి చేస్తూనే ఉన్నాను."

"మా అలవాట్లకు వంకలు పెట్టమని అడిగామా? లేపనం అడిగాం. పెళ్ళినాటికి మా ముఖం పాతికేళ్ళ కుర్రవాడి ముఖం కావాలి. కాకపోతే మీరు మూటాముల్లె సర్దుకుని రాజ్యం విడిచి వెళ్ళండి."

భట్టు తిన్నగా పోలన ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ముసలిదాన్ని వెంటబెట్టుకుని ఈ వయసులో ఎక్కడికి పోను, పోలనా? ఇన్నేళ్ళు ఎండ కాల్చినదాన్ని నెల తిరక్కుండా గంధంతో బాగుచెయ్యమంటే ఎవరి తరం?"

పోలన ఆయనకు మజ్జిగ ఇచ్చి, రాజుగారి ఒంటి సంగతులు అవీ ఇవీ చాలాసేపు అడిగాడు. చివరికి, "మూట సర్దకండి. రేపు ఒకసారి కొలువుకు రండి" అని పంపించాడు.

మర్నాడు సభలో పోలన హాస్యాలాడలేదు. సింహాసనం ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"మహారాజా, ఇవాళ వినోదం లేదు. ఒక తగవు తెచ్చాను. ఏలినవారే తీర్చాలి."

తీర్పులు చెప్పడమంటే రాజుకు సరదా. మీసం సవరించుకుని, "చెప్పు" అన్నాడు.

"ఒక ఇంట్లో కవలలున్నారు ప్రభూ. ఒక్క ఘడియలో పుట్టారు. ఆ ఇంటి యజమాని చిన్నవాణ్ణి నీడపట్టున, మెత్తని బట్టల చాటున ఉంచాడు. పెద్దవాణ్ణి మాత్రం మిట్టమధ్యాహ్నపు ఎండలో తల మీద గుడ్డ కూడా లేకుండా నిలబెట్టాడు. పొగలు కక్కే నీళ్ళు కుమ్మరించి బీరపీచుతో తోమించాడు. ఎండిపోతున్నాడన్నా నూనె చుక్క రాయలేదు. తాను పాచికలాడుతూ వాడికి కంటి మీద కునుకు లేకుండా చేశాడు. ఇప్పుడు చిన్నవాడు పసివాడిలా ఉన్నాడు. పెద్దవాడు ముసలివాడైపోయాడు."

రాజు మనసు కరిగింది. "అయ్యో పాపం. వాడు మనిషేనా?"

"పైగా, పెద్దవాణ్ణి మళ్ళీ కుర్రవాణ్ణి చెయ్యలేదని ఇంటి వైద్యుణ్ణి తరిమేస్తున్నాడు."

సభలో చాలామంది తలలు దించుకున్నారు. మంత్రిగారికి దగ్గు వచ్చింది. తీర్పు చెప్పే ఉత్సాహంలో రాజు అదేదీ గమనించలేదు.

"వైద్యుడి తప్పేముంది ఇందులో? తప్పంతా యజమానిదే. నేటి నుంచి వాడు పెద్దవాణ్ణి కూడా చిన్నవాడిలాగే చూసుకోవాలి. ఎండపూట నీడన ఉంచాలి, కడుపునిండా నీళ్ళు తాగించాలి, పెందలాడే పడుకోబెట్టాలి. తప్పాడంటే నడివీధిలో గుంజీళ్ళు తీయిస్తాం."

"ఇది ఖాయమేనా ప్రభూ?"

"మా మాటకు తిరుగుందా? ఏరీ ఆ కవలలు? ప్రవేశపెట్టు."

"ఇక్కడే ఉన్నారు. ఏలినవారు కుడిచేతి అంగరఖా కాస్త పైకి తీయాలి."

రాజు అయోమయంగా చొక్కా చెయ్యి జబ్బ దాకా లాగాడు. పోలన ఆ చేతిని మెల్లగా పైకెత్తాడు. జబ్బ లోపలివైపు చర్మం లేత తమలపాకులా నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు.

"చిన్నవారు వీరు" అని, పోలన ఆ చేతినే తిప్పి మణికట్టు పైభాగం చూపించాడు. అది నల్లబడి, గరుకుగా, ఎండిన మామిడితొక్కలా ఉంది. "పెద్దవారు వీరు. ఒకే తల్లి కన్నది, ఒకే అన్నం తిన్నారు. ముఖం ఈ పెద్దవారి జట్టే."

రాజు ఆ రెండు చోట్లనూ ఎడమచేతి వేళ్ళతో మార్చి మార్చి తడిమి చూసుకున్నాడు. పోలన భట్టుగారితో పాటు తన మూట కూడా సర్దుకోవాలేమో అనుకున్నాడు.

చివరికి రాజు గొంతు తగ్గించి అన్నాడు. "మాది సూర్యవంశం, పోలనా. సూర్యభగవానుడు మాకు తాతగారి లెక్క. తాతగారి ఎదుట గొడుగు పట్టుకోవడం మర్యాదేనా?"

"పెద్దలను పొద్దున, సాయంత్రం దర్శించుకోవాలి ప్రభూ. మిట్టమధ్యాహ్నం ఆయన పని మీద ఉంటారు. అప్పుడు వెళ్ళి ఎదురుగా నిలబడితే ఆయనకే ఇబ్బంది."

రాజు పెదవులు అదిరాయి. ఆపుకోవాలని చూశాడు గాని నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే భట్టుగారిని దగ్గరకు పిలిచి శాలువా కప్పి, ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదన్నాడు. భట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

తీర్పు మాత్రం అమలైంది. మొదట్లో రాజు బాగా గునిసాడు. ఒక మధ్యాహ్నం దొంగచాటుగా గుర్రమెక్కబోతే పోలన కోటగుమ్మంలో నిలబడి, ఏమీ అనకుండా తన చెవులు తాను పట్టుకుని చూపించాడు. రాజు గుర్రం దిగిపోయాడు. వేట తెల్లవారుజాముకు మారింది. స్నానానికి గోరువెచ్చని నీళ్ళు, సున్నిపిండి వచ్చాయి. తడి ఆరకముందే నువ్వులనూనె రాయించుకోవడం ఆయనకు అలవాటైంది. పాచికలు రాణి మైలాంబ ఎక్కడో దాచేసింది. ఏళ్ళ తర్వాత భర్త తనతో కూర్చుని వేళకు భోంచేస్తున్నాడని ఆమె ముఖం కూడా తేటపడింది.

పెళ్ళిరోజు వచ్చింది. రాజు అలంకరణ ముగించి అద్దం ముందు నిలబడ్డాడు. పొలుసులు పోయాయి. మచ్చలు కొంచెం పలచబడ్డాయి. చర్మం తేమగా, ఆరోగ్యంగా ఉంది. పాతికేళ్ళ ముఖం కాదు. అయినా చూడముచ్చటగా ఉంది.

"అంతా బాగానే ఉంది గాని, కళ్ళ పక్కన ఈ ముడతలు మాత్రం పోలేదు. భట్టుగారినడిగితే నిన్నడగమన్నారు" అన్నాడు రాజు, పక్కనున్న పోలనతో.

"అవి పోవు ప్రభూ. పోతానన్నా నేను పోనివ్వను. కడమవన్నీ ఎండ చేసినవి, నిద్రలేమి చేసినవి. ఇవి నేను చేసినవి. ఇన్నేళ్ళూ తమరిని నవ్వించి నవ్వించి ఒక్కొక్క గీతా గీశాను. నేనీ కొలువులో ఊరికే కూర్చోలేదనడానికి ఇవి తప్ప నాకు వేరే సాక్ష్యం లేదు."

రాజు పగలబడి నవ్వాడు. నవ్వినకొద్దీ ఆ ముడతలు ఇంకా లోతుగా పడ్డాయి. మెడలోని ముత్యాలహారం తీసి పోలన మెడలో వేసి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పద, మగపెళ్ళివారు వచ్చే వేళయింది. అక్కడికి వెళ్ళేలోగా ఇంకో రెండు గీతలు గీసేమాట ఏదైనా చెప్పు."

పోలన రాజు చెవిలో ఏదో చెప్పాడు. అదేమిటో ఎవరికీ వినపడలేదు. రాజుగారి నవ్వు మాత్రం పెళ్ళిపందిరి దాకా వినిపించింది.