ఐరేని కుండలు అడగని పెళ్లి

అనగా అనగా అప్పుడెప్పుడో, వేసవి దాహానికి కుండ నీళ్లే గతి అయిన కాలంలో, పెన్న ఒడ్డున ఓబులేసు అనే కుమ్మరి ఉండేవాడు. చేతి పనితనం బంగారం. బుర్రలో మాత్రం కాస్త తికమక. ఏదైనా అర్థం కాకపోతే మట్టి చేత్తోనే తల గోక్కునేవాడు. సాయంత్రం అతని నెత్తి మీద మట్టి చూసి, ఆ రోజు ఎన్నిసార్లు తికమకపడ్డాడో భార్య సుంకమ్మ ఇట్టే చెప్పేసేది.

ఆ ఏడు వానలు దగ్గర పడ్డాయి. వానల్లో పచ్చి కుండ ఆరదు, కుండలు కాల్చే ఆవం అంటుకోదు, నాలుగు నెలలు కుమ్మరి సారె తిరగదు. ఇంటినిండా కాల్చి పెట్టిన కుండలే ఆ నాలుగు నెలల కూడు. అవి ఇచ్చి జొన్నలు తెచ్చుకుంటేనే పొయ్యి వెలుగుతుంది, లేదంటే పస్తులే.

ఒకరోజు జరీ ఉత్తరీయం వేసుకున్న పెద్దమనిషి ఒకడు బండి కట్టుకుని వచ్చాడు.

"ఒరే ఓబులేసూ! నేను తుమ్మలదిన్నె మోతుబరి వరదప్పను. నా కూతురి పెళ్లిరా. అరవై కుండలు బండికెత్తు. పెళ్లి కాగానే రెండు పుట్ల జొన్నలు నీ గుమ్మంలో దించుతాను."

"ఆడపిల్ల పెళ్లికి లేదనకూడదు సామీ" అని ఓబులేసు అరవై కుండలూ ఎత్తాడు. రెండు పుట్ల జొన్నలంటే మాటలా! ఆ సంబరంలో అతనికి ఆ పూట ఆకలే వేయలేదు.

పది రోజులైంది. జొన్నలు రాలేదు గానీ వరదప్పే మళ్లీ వచ్చాడు.

"ఏం చెప్పమంటావురా! మా అన్న పోయాడు. పెళ్లి ఆగిపోయింది. మైలపడ్డ కుండలన్నీ బయట పారేయించాం. ఇంకో నలభై ఇవ్వు. అన్నీ కలిపి ఒకేసారి కొలిపిస్తాను."

అయ్యో పాపం అనుకున్నాడు ఓబులేసు. మైలపడ్డ కుండలు పారేస్తారు, నిజమే. కానీ వరదప్ప నోరు తాంబూలంతో ఎర్రగా పండి ఉంది! అన్న పోయినవాడు తాంబూలం వేసుకుంటాడా? ఓబులేసు తల గోక్కున్నాడు.

"అడగరాదా?" అంది సుంకమ్మ లోపలినుంచి.

"ఊరుకోవే. పెద్దింటివాళ్ల ఆచారాలు మనకేం తెలుసు? అడిగితే ఏమనుకుంటాడో!" అని నలభై కుండలూ ఎత్తాడు. ఆ రాత్రి మాత్రం సరిగ్గా నిద్రపట్టలేదు.

మరో వారానికి బండి చప్పుడు మళ్లీ వినిపించింది. అటు ఆకాశంలో మబ్బులు, ఇటు గుమ్మంలో వరదప్ప!

"ఎల్లుండే పెళ్లిరా! శాంతి చేయించాం. ఈ ముహూర్తం తప్పితే మూడేళ్లదాకా లేదట. ఉన్న కుండలన్నీ ఎత్తు!"

ఉన్నవన్నీ అంటే చివరి యాభై. అవీ పోతే ఇంట్లో మిగిలేది మసి తుడిచే గుడ్డే. ఓబులేసు తల తిరిగిపోయింది. అన్న పోయి ఏడాది తిరగకుండానే పెళ్లా? శాంతి చేస్తే సరిపోతుందా? కాదంటే పెళ్లి చెడగొట్టిన పాపం నాకు చుట్టుకుంటుందేమో? గోకీ గోకీ అతని నెత్తి చిన్న మట్టిదిబ్బ అయింది.

అంతలో సుంకమ్మ మొహం కనిపించింది. పెళ్లి అన్నప్పటినుంచీ ఆమె పెళ్లివారు పెట్టే చీర కోసమే ఎదురుచూస్తోంది. పాపం, దాని సంగతైనా అడుగుదామని నోరు తెరిచాడు.

"సామీ, మరి ఐరేని కుండలకు మీ ఆడవాళ్లు ఎప్పుడొస్తారు? సున్నం, ఎర్ర జాజు పూసి ఉంచుతాం."

"అవి కూడా ఈ బండిలోనే పారెయ్యరా! ఆలస్యమవుతోంది" అన్నాడు వరదప్ప.

ఓబులేసు చెయ్యి తలమీదే ఆగిపోయింది.

పిల్లలూ, ఐరేని కుండలంటే పెళ్లిలో పూజకు పెట్టే రంగుల కుండలు. పెళ్లివారి ముత్తైదువలు మేళంతో కుమ్మరింటికి వచ్చి, సారెకు పసుపు కుంకుమలు పెట్టి, కుమ్మరి ఇల్లాలికి చీరపెట్టి, వాటిని నెత్తిన పెట్టుకుని తీసుకెళ్తారు. కూతుర్ని కన్నవాడెవడూ వాటిని బండిలో పారెయ్యమనడు.

"ఏమేవ్, తలుపు వెయ్యి!" అని అరిచాడు ఓబులేసు. "ఈయనకు కూతురే లేదే!"

సుంకమ్మ తలుపు వేయడమేమిటి, రోకలి పట్టుకుని బండికి అడ్డంగా నిలబడింది. వాడంతా పోగైంది. తలారి వచ్చి వరదప్పను రాజుగారి దగ్గరకు తీసుకెళ్లాడు. ఆరా తీస్తే తుమ్మలదిన్నెలో వరదప్ప అనే మోతుబరే లేడు. ఓబులేసు కుండలు మాత్రం పక్కూరి సంతలో బారులు తీరి ఉన్నాయి.

వరదప్ప తొణకలేదు. "ప్రభూ, నేను దొంగతనం చేశానా? అరువు తీసుకున్నాను. ఇతనే తన చేతులతో బండికెత్తాడు. బాకీ తీర్చడం ఆలస్యమైతే నేరమా?"

ఓబులేసు మళ్లీ తికమకపడ్డాడు. నిజమే కదా, ఎత్తింది నేనే కదా!

రాజు నవ్వి, "ఓబులేసూ, కూతురి పెళ్లి అనకపోతే ఇచ్చేవాడివా?" అని అడిగాడు.

"ఎక్కడి మాట ప్రభూ! నాలుగు నెలల కూడు అది. ముక్కూ మొహం తెలియనివాడికి ఎలా ఇస్తాను?"

"విన్నావా వరదప్పా? బాకీ తీర్చలేకపోవడం కష్టం, నేరం కాదు. లేని పెళ్లిని చూపించి అరువు తీసుకోవడం దొంగతనం. నీకు గోడకు కన్నం వేసే శ్రమ తప్పింది, అంతే తేడా."

మిగిలిన కుండలు ఓబులేసు ఇంటికి చేరాయి. అమ్ముకున్నవాటికి వరదప్ప జరీ ఉత్తరీయంతో సహా అన్నీ అమ్మించి జొన్నలు కొలిపించారు. వానలు వెలిసేదాకా అతనికి చెరసాల, ఆ తర్వాత ఏడాదిపాటు ఓబులేసు ఇంట్లో మట్టి తొక్కే పని.

ఆ సాయంత్రం వాన మొదలైంది. పొయ్యిమీద జొన్న సంకటి ఉడుకుతోంది. సుంకమ్మ మొగుడి నెత్తి తడిమి చూసి, "ఈ పూట మట్టే లేదేమయ్యా?" అంది.

"ఇకనుంచి గోక్కోనే. అడుగుతాను" అన్నాడు ఓబులేసు.

కాబట్టి పిల్లలూ, అర్థం కానప్పుడు సిగ్గుపడకుండా అడగండి. అబద్ధం ఎన్ని బండ్ల కుండలైనా మోసుకుపోతుంది గానీ, ఒక్క ప్రశ్నను మోయలేదు.