మట్టి పూసిన మోటారుసైకిలు

రేలకోన అడవిలో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, దుప్పులు, కుందేళ్ళు, ముళ్ళపందులు కాపురముండేవి. వారానికోసారి వాగు అవతల సంత జరిగేది. అడవికి మంచి బాట పడ్డాక, ఓపిక ఉన్నవాళ్ళు నడిచి వెళ్ళేవాళ్ళు, ఓపిక లేనివాళ్ళు బళ్ళు కొనుక్కున్నారు.

అలా కొన్నవాళ్ళలో కంటకయ్య అనే ముళ్ళపంది ఒకడు. ఏళ్ళ తరబడి దుంపలు తవ్వి, గోళ్ళు అరగదీసుకుని, కొత్త మోటారుసైకిలు కొన్నాడు. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. బండిని చూసినకొద్దీ గుండెలో దడ మొదలైంది.

"ఇంతలా మెరిసిపోతుంటే ఎవడి కన్నూ పడకుండా ఉంటుందా?" అనుకున్నాడు.

వెంటనే వాగు గట్టుకు పరుగెత్తి బంకమట్టి తెచ్చాడు. చక్రాల నుంచి అద్దాల దాకా మెత్తేశాడు.

అతని భార్య సూదమ్మ బొరియలోంచి తల బయటపెట్టి చూసింది.

"ఏమయ్యా, ఇంటికి మట్టి పుయ్యమంటే నడుం నొప్పి అన్నావు. బండికి పూశావా?"

"నీకు తెలీదు, ఊరుకో! దొంగ చూపు ముందు రంగు మీదే పడుతుంది" అన్నాడు కంటకయ్య.

ఆ రోజు నుంచి మట్టి ఎక్కడ రాలితే అక్కడ మళ్ళీ పూయడమే. బండిని కడిగిన పాపాన పోలేదు.

మట్టితోనూ ధైర్యం రాలేదు. ముందు చక్రానికి ఒక తాళం, వెనక చక్రానికి ఒక తాళం, చెట్టుకు కట్టే గొలుసుకు ఇంకో తాళం కొన్నాడు. వాటి తాళంచెవుల్నీ బండి తాళంచెవినీ తన వీపు ముళ్ళకు తగిలించుకున్నాడు. నడుస్తుంటే అవి గలగలమనేవి. ఆ చప్పుడు వినపడినంతసేపే అతనికి ఊపిరి సరిగ్గా ఆడేది.

"నా ముళ్ళ మధ్య చెయ్యి పెట్టే మొనగాడు ఈ అడవిలో ఇంకా పుట్టలేదు" అని మీసం దువ్వేవాడు.

పిల్లలూ, అతన్ని చూసి మరీ అంతగా నవ్వకండి. ఈ కథ చెప్పే మనిషి కూడా ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి తాళాన్ని లాగి చూసే రకమే.

వానలు దగ్గరపడ్డాయి. వాగు పొంగితే ఇక సంతకు దారి ఉండదు. బొరియలో పాలు తాగే పసిపిల్లలు ఉన్నారు. ఈ సంతలో గింజలు తెచ్చుకోకపోతే వానాకాలమంతా ఇంటిల్లిపాదికీ పస్తులే.

"దుంపలిచ్చి గింజలు తీసుకురా. సంతలో బండి చుట్టూ తిరుగుతూ కూర్చోకు" అని సూదమ్మ మరీ మరీ చెప్పి పంపింది.

సంతలోకి పోయే దారి మొదట్లో ఒక నేరేడు చెట్టు ఉంది. రోడ్డు మీదికి పోవాలంటే ఏ బండైనా ఆ చెట్టు కిందనుంచే పోవాలి. దాని కింద తోకమ్మవ్వ అనే ముసలి కొండముచ్చు కూర్చునేది. బండి పెట్టినవాళ్ళకు ఆమె ఒక మోదుగాకు తీసి రెండుగా చింపేది. ఒక ముక్క బండికి గుచ్చేది. ఇంకో ముక్క మనిషి చేతికిచ్చేది. తిరిగి వచ్చాక రెండు ముక్కలూ అంచు కలిపి చూసేది. అంచు కలిస్తేనే బండి కదిలేది. చేత్తో చింపిన అంచు కదా, దానికి జోడీని ఎవడూ తయారు చెయ్యలేకపోయాడు.

కంటకయ్య వచ్చేసరికి బొంతయ్య అనే ఎలుగుబంటి తన పాత మోపెడ్ నిలుపుతున్నాడు. దానికి తాళం లేదు. తాళంచెవి ఎప్పుడో పోయింది. చిన్న పుల్ల దూర్చి స్టార్ట్ చేసేవాడు.

"అవ్వా, నా ముసల్దాన్ని కాస్త కనిపెట్టి ఉండు. అరే మామిడక్కా, నీ పిల్లాడి జ్వరం తగ్గిందా?" అంటూ అక్కడున్నవాళ్ళందర్నీ పలకరించి, ఆకు ముక్క చెవిలో దోపుకుని వెళ్ళిపోయాడు.

"నువ్వూ పెట్టు నాయనా" అంది తోకమ్మవ్వ, ఆకు అందుకుంటూ.

కంటకయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

"ఆకు ముక్క నా బండిని కాపాడుతుందా అవ్వా?"

"ఆకు కాపాడదురా అబ్బాయ్. ఇది నీదని పదిమందికీ తెలుస్తుంది చూడు, అది కాపాడుతుంది."

కంటకయ్యకు ఆ మాటే మింగుడుపడలేదు. ఇది తనదని తెలియకూడదనే కదా ఇంత మట్టి పూసింది! ఈ ముసలమ్మకు బండి సంగతి అంత అవసరమేమిటో? చుట్టూ చూశాడు. కుందేలు చూస్తోంది. దుప్పి చూస్తోంది. అందరూ దొంగల్లాగే కనపడ్డారు.

"మంచి పని చేశావన్నా, ఇక్కడ పెట్టకుండా" అని పక్కనుంచి మెత్తటి గొంతు వినిపించింది.

తిరిగి చూస్తే జవ్వాజి అనే పునుగుపిల్లి. దగ్గరికి రాగానే గుప్పుమని సువాసన కొట్టింది.

"ఈ రోజుల్లో ఎవర్ని నమ్ముతాం? నేనైతే నా నీడను కూడా ముందు నడవమంటాను. అందరూ నవ్వుతూ మాట్లాడతారు. కళ్ళు మాత్రం తాళం మీదే" అన్నాడు జవ్వాజి.

కంటకయ్యకు ప్రాణం లేచివచ్చింది. ఇన్నాళ్ళకు తన మనసు తెలిసినవాడు దొరికాడు!

"నేనూ అదే అంటాను తమ్ముడూ! మా ఆవిడ వినదు."

"ఆ వెదురు పొద వెనకకి పురుగు కూడా రాదు. అక్కడ దాచెయ్యి" అన్నాడు జవ్వాజి.

వాగు పక్కనున్న ఆ వెదురు పొద వెనక బండిని పెట్టి, కంటకయ్య తాళాలన్నీ బిగించాడు. గొలుసును మద్ది చెట్టుకు చుట్టాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి లాగి చూశాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. చివరికి జవ్వాజే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు.

సంత కిటకిటలాడుతోంది. వెనక ఎవరైనా నడిస్తే చాలు, కంటకయ్య ముళ్ళు లేపి బుసకొట్టేవాడు.

"నువ్వు ముందు చూసుకో అన్నా, వెనక నేను కాపలా ఉంటా. నన్ను గుచ్చకు సుమా!" అన్నాడు జవ్వాజి నవ్వుతూ.

పాపం మంచివాడు, గుచ్చుకుంటాయేమోనని కంటకయ్య ముళ్ళన్నీ వీపుకు అణుచుకున్నాడు. దుంపలు తూచేటప్పుడు గలగల వినిపించింది. గింజలు మూట కట్టేటప్పుడూ గలగల వినిపించింది. ఇంకేం, తాళంచెవులు భద్రం. ఆ గలగలలో ఏదో చిన్న తేడా ఉన్నట్టు ఒకసారి అనిపించింది గానీ, వెనక నమ్మకమైన మనిషి ఉన్నాడు కదా అని సరిపెట్టుకున్నాడు.

కాసేపటికి జవ్వాజి "చిన్న పనుంది, ఇప్పుడే వస్తా" అని వెళ్ళాడు. రాలేదు.

కంటకయ్యకు మళ్ళీ దడ మొదలైంది. గింజల మూట నెత్తిన పెట్టుకుని వెదురు పొద వైపు వడివడిగా నడిచాడు. దారి సన్నది. సగం దూరంలో ఎదురుగా ఒక మోటారుసైకిలు వచ్చింది.

ఎంత ఎర్రగా ఉందో! అప్పుడే వాగులో స్నానం చేసినట్టు నీళ్ళు కారుతున్నాయి. ఎండకి తళతళ మెరుస్తోంది. నడిపేవాడు హెల్మెట్ పెట్టుకున్నాడు. కంటకయ్య పొద పక్కకి ఒదిగి దారి ఇచ్చాడు. కాని చూసి ఊరుకోలేకపోయాడు.

"ఆగు నాయనా ఆగు! ఇంత మంచి బండిని ఇలా తిప్పుతావా? దొంగల అడవి ఇది. నా మాట విని కాస్త మట్టి పూయించు" అన్నాడు.

హెల్మెట్ రెండుసార్లు బుద్ధిగా ఊగింది. బండి రయ్యిమని వెళ్ళిపోయింది. వెనక ఎక్కడో తెలిసిన సువాసన గాలిలో తేలింది.

"బంగారంలాంటి బండి. నాకే ఉంటే కళ్ళలో పెట్టుకుని చూసుకునేవాణ్ణి" అని నిట్టూర్చి కంటకయ్య ముందుకు నడిచాడు.

వెదురు పొద వెనక మద్ది చెట్టు ఉంది. గొలుసు ఉంది. తాళాలు నోళ్ళు తెరుచుకుని నేల మీద పడి ఉన్నాయి. బండి లేదు.

గింజల మూట జారిపడింది. వీపు తడుముకున్నాడు. ముళ్ళకు వేలాడుతున్నవి తాళంచెవులు కావు. నత్తగుల్లలు!

"అయ్యో! నా బండి! దొంగ! దొంగ!" అని అరుస్తూ నేరేడు చెట్టు కిందకి పరుగెత్తాడు.

అందరూ చుట్టూ చేరారు.

"ఏ రంగు బండి నాయనా?" అంది తోకమ్మవ్వ.

"మట్టి రంగు."

"మట్టి కాదురా, మట్టి కింద ఏ రంగు?"

కంటకయ్య నోరు తెరిచాడు. కొన్న రోజు మధ్యాహ్నం కళ్ళ ముందు కదిలింది. షాపు ముందు ఎండ. ఆ ఎండలో ఎర్రగా...

"ఎరుపు" అన్నాడు, ఏడుపు గొంతుతో.

"ఎర్ర బండి ఇందాకే ఇటుగా పోయింది. ఆకు ఉంటే అంచు చూపించమని ఆపేదాన్ని. ఆకు లేదు. అది నీదని నాకెవరు చెప్పారు? ఇక్కడ ఎవరికి చెప్పావు?" అంది అవ్వ.

ఎవరికీ చెప్పలేదు. ఒక్కడికే చెప్పాడు.

"పైగా నేను వాడికి దారి ఇచ్చాను అవ్వా! జాగ్రత్త కూడా చెప్పాను!" అని కంటకయ్య నేల మీద కూలబడ్డాడు.

కుందేలుకు నవ్వు వచ్చింది గానీ, అతని ముఖం చూసి మింగేసింది.

అప్పుడే సంతలోంచి తిరిగొచ్చిన బొంతయ్య తన ఆకు ముక్క ఇచ్చి మోపెడ్ తీసుకున్నాడు. వెదురు పొద దగ్గరికి వెళ్ళి పడిపోయిన గింజలన్నీ ఏరి మూట కట్టాడు.

"ఏడవకు కంటకయ్యా. బండి పోయినా పిల్లల తిండి మిగిలింది. మూట నేను తెచ్చి దింపుతాను. నిన్ను మాత్రం వెనక ఎక్కించుకోలేను, వీపు నాది!" అన్నాడు.

అందరూ నవ్వారు. కంటకయ్య కూడా కన్నీళ్ళ మధ్యే నవ్వాడు. మోపెడ్ ముందు నెమ్మదిగా పోతుంటే, దాని వెనక నడుచుకుంటూ ఇల్లు చేరాడు.

ఎర్ర బండి మళ్ళీ కనపడలేదు, జవ్వాజీ కనపడలేదు. అందరి నమ్మకం సంపాదించిన బొంతయ్య మోపెడ్‌కు మాత్రం సంత రోజున మూటలు మొయ్యడంతోనే తీరిక లేకపోయింది.

వానలు వెలిసి వాగు తగ్గాక, కంటకయ్య కాలినడకన సంతకు వచ్చాడు. దుంపల బుట్టను నేరేడు చెట్టు కింద దించి, "అవ్వా, నీళ్ళు తాగి వస్తా. దీనికీ ఒక ఆకు చింపవూ?" అన్నాడు.

అవ్వ చింపి ఇచ్చింది. అతను నాలుగడుగులు వేశాడు. ప్రాణం ఆగక వెనక్కి తిరిగి చూశాడు. బుట్ట పక్క నుంచి అవ్వ, కుందేలు, దుప్పి ముగ్గురూ చెయ్యి ఊపారు.

నీతి: అందరినీ అనుమానించేవాడు చివరికి తన అనుమానాన్ని మెచ్చుకున్నవాడి చేతిలోనే మోసపోతాడు, మన వస్తువుకు గట్టి తాళం ఇరుగుపొరుగు కళ్ళే.